గుండు, బద్ద, నూక

"చైనా నుంచి ఎప్పుడొచ్చేరు మాస్టారూ?"

ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, గేటు బయట నుంచే వాలంటీరు పిల్ల అడిగింది. కరోనా మొదలైన రోజులు. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ధర్మారావు లేచి, లుంగీ సర్దుకుని, ఉన్నమాట చెప్పాడు.

"ఎల్తే కదమ్మా రావడానికి!"

"మరి ఊరంతా చైనా మాస్టారంటారు?"

"ఆ భాష చదువుకున్నాను. పాతకాలం భాష."

"అయితే ఇంట్లో ఉన్న పుస్తకాలు అక్కడివేనా? ఎప్పుడొచ్చేయి?"

"పంతొమ్మిదివందల ఎనభై మూడులో."

ఆ పిల్ల ఫోనులో ఏదో నొక్కింది. చైనా అన్నమాటకి అవును, కాదు అనే రెండే గడులున్నాయి కాబోలు, సాయంత్రానికల్లా గేటుకి ఎర్ర కాగితం అంటించేశారు. పద్నాలుగు రోజుల పాటు పలాస-కాశీబుగ్గలో ఆ వీధిన పోయేవాళ్ళంతా కాస్త ఎడంగా నడిచారు. పాలవాడు ప్యాకెట్టు పక్కింటి మెట్టు మీద పెట్టి ఈల వేసి పోయేవాడు. ధర్మారావుకి తల కొట్టేసినట్టయింది. ఆయన భార్య మహాలక్ష్మి మాత్రం గేటు దగ్గరకి వెళ్ళి ఆ కాగితాన్ని తనివితీరా చూసొచ్చింది.

"నలబై ఏళ్ళకి నీ సదువుని గవర్నమెంటు గుర్తించింది బావా. సర్టిఫికేట్ గేటుకే అంటించీసినారు, సూసుకో."

ఆమె ఆయనకి మేనమామ కూతురు. పెళ్ళికి ముందు బావ, పెళ్ళయ్యాకా బావే.

ఆ మేనమామ వల్లనే ధర్మారావుకి ఈ చైనా పట్టుకుంది. పూండి దగ్గర పల్లెలో నాలుగు జీడిచెట్లు, పది కొబ్బరిచెట్లు ఉన్న ఇంట్లో పుట్టినవాడికి చైనా ఏమిటి? మామ ఖరగ్‌పూర్ రైల్వేలో ఖలాసీ. మేనల్లుణ్ణి తీసుకెళ్ళి అక్కడే డిగ్రీ చదివించి, ఎం.ఏ. చరిత్రలో చేర్చుదామని బెంగాల్లో ఒక విశ్వవిద్యాలయానికి పట్టుకెళ్ళాడు. చరిత్రలో సీట్లు అయిపోయాయి. చైనా భాషలో సీట్లున్నాయి, విద్యార్థులు లేరు. చేరితే స్టైపెండు, హాస్టలు. ధర్మారావు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "భోజనంలో అన్నమా, రొట్టెలా?" అన్నమేనన్నారు. సంతకం పెట్టేశాడు.

అన్నం కోసం చేరినవాడు రెండో ఏడాది నిజంగానే పడిపోయాడు. ముసలి పంతులొకాయన ఒక మధ్యాహ్నం రెండువేల ఏళ్ళ నాటి పాట ఒకటి చదివి అర్థం చెప్పాడు. అందులో రాజు లేడు, దేవుడు లేడు. పెసర చేనుంది, చిరిగిన గోనె ఉంది, యుద్ధానికి పోయి రాని మొగుడున్నాడు. "ఇది మా ఊరే కదా!" అనుకున్నాడు ధర్మారావు. అలాంటి పాటలన్నిటినీ తెలుగులోకి తెస్తానని ఆ పూటే తనకు తాను మాట ఇచ్చుకున్నాడు. ఎవరూ అడగని మాట. అలాంటి మాటలు తప్పడం చాలా కష్టం.

పట్టాతో, ఒక ఇనప్పెట్టెడు పుస్తకాలతో పలాసలో రైలు దిగాక తెలిసింది, ఆ చదువుకి ఈ వైపు ఉద్యోగం లేదని. దుబాసీ పని ఉందని ఎవరో అంటే కలకత్తా దాకా వెళ్ళొచ్చాడు. వాళ్ళకి మాట్లాడే చైనా కావాలి. ఈయనది రెండువేల ఏళ్ళుగా ఎవరూ మాట్లాడని చైనా. చివరికి టెక్కలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరరుగా చేరాడు. ముప్ఫై ఏళ్ళు పలాస నుంచి టెక్కలికి, టెక్కలి నుంచి పలాసకి బస్సు. గ్రామపంచాయతీ నిర్మాణము, విధులు పిల్లలకి పోను, మిగిలిన ప్రాణమంతా ఆ పాటలకి.

తండ్రి ఖరగ్‌పూర్‌లో ఉన్నా ఇక్కడే పెరిగిన మహాలక్ష్మిది పెళ్ళికి ముందు నుంచే జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్ల దగ్గర పని. పొట్టు తీసిన పప్పు ముందు కుమ్మరిస్తే, ఆమె వేళ్ళు కళ్ళకంటే ముందు చూసేవి. విరగనిది గుండు. నిలువునా చీలినది బద్ద. ముక్కలైపోయినది నూక. పక్కామె కోడలి గొడవలు వింటూనే మూడు గంపల్లోకి మూడు రకాలూ పోసేది. గుండ్ల డబ్బాలో ఒక్క బద్ద కనిపించినా ఆ బల్ల మొత్తానికి తలవంపులు.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం ధర్మారావు తన మొదటి పాట ఆమెకి చదివి వినిపించాడు. మొగుడి కోసం ఎదురుచూసే ఆడమనిషి పాట. పెసలు మొలిచాయి, రాలేదు. పెసలు కాశాయి, రాలేదు. చివరి చరణం ఆయన ఇలా రాశాడు: "శుష్కించిన కాయ విచ్చిన శబ్దమునకు ద్వారము తెరిచితిని."

మహాలక్ష్మి బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తలేదు.

"ఎవులు తెరిసేరు?"

"ఆ ఇల్లాలే."

"ఇల్లాలేటి, పూజారిలాగుంటేనూ! ద్వారమేటి బావా, గుడా అది?"

"మరి నువ్వైతే ఏమంటావ్?"

"నానేటంతాను… ఎండిన కాయ సిట్టంతాది గదా. సిట్టుమంది. నువ్వేననుకున్నాను. అంతే. తలుపు తీసిందని మల్లీ సెప్పాలేటి? తియ్యదేటి మరి?"

ధర్మారావు ఆమె అన్నమాట కాగితం మీద రాసుకున్నాడు. మూలంలో ఉన్నవి నాలుగే అక్షరాలు. నాలుగక్షరాలూ చిల్లు పడకుండా దిగిపోయాయి. "చిట్టుమంది. నువ్వేననుకున్నాను." ఆమె వేలితో కాగితం మీద తట్టింది. "ఇది గుండు. ఇందాక నువ్వు సదివింది నూక."

ఆనాటి నుంచి వాళ్ళింట్లో అదే పద్ధతి. ఆయన చదవడం, ఆమె వినడం. చైనా అక్షరం ఒక్కటి రాదు ఆమెకి. కాని తెలుగు పలుకు ఎక్కడ విరిగిందో చెప్పేసేది. ఎక్కువసార్లు ఎలా అతకాలో కూడా ఆమే చెప్పేది. ప్రతి పంక్తికీ ఎదురుగా అంచున ఆయన పెన్సిల్‌తో రాసుకునేవాడు: గు, బ, ను. ఒకసారి వేళాకోళానికి అడిగాడు, "మరి పుచ్చుకేం గుర్తు పెట్టమంటావ్?"

"పుచ్చుకి గ్రేడుండదు బావా. అది పారబోత్తారు."

ఆ చైనా చదువు ఆయన్ని కారెక్కించింది కూడా ఒకసారి. మహాలక్ష్మి పనిచేసే ఫ్యాక్టరీ యజమాని శ్రీనివాస్ కారు పంపించాడు. పెద్ద మిషనొకటి వచ్చిందట, దాంతో వచ్చిన పుస్తకమంతా చైనా భాషేనట. ధర్మారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీధి వీధంతా చూసేలా అద్దం దించుకుని వెళ్ళాడు. తీరా చూస్తే అవి ఆయన అక్షరాల మునిమనవలు. పోలికలున్నాయి కాని పలకరిస్తే పలకవు. "రాదు" అనడానికి నామోషీ వేసింది. నిఘంటువు ముందేసుకుని మూడు రోజులు కుస్తీ పట్టాడు. మూడో రోజు ఆ మిషను చేసే పనేమిటో అర్థమైంది. పప్పు పైనుంచి పోస్తే కెమెరా చూస్తుంది, గాలి కొడుతుంది, మూడు గొట్టాల్లోంచి మూడు రకాలుగా పడుతుంది.

అక్కడితో పుస్తకం మూసేసి ఇంటికి వచ్చి ఉండొచ్చు. కాని శ్రీనివాస్ పక్కనే నిలబడి "మాస్టారూ, మీరు లేకపోతే మా గతేటి!" అంటున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట ఎవరన్నారు? ధర్మారావు పొంగిపోయి, మూడు గొట్టాల మీదా అంటించే చీటీలు కూడా తనే గుండ్రటి దస్తూరీతో రాసి ఇచ్చాడు: గుండు, బద్ద, నూక.

నెల తిరక్కుండా గ్రేడింగు బల్లలు తీసేశారు. ఆ రోజు మహాలక్ష్మి మిట్టమధ్యాహ్నమే ఇంటికొచ్చి, మూత తియ్యని టిఫిను డబ్బా గట్టు మీద పెట్టింది.

"మిషను మీద రాత నీదే కదా బావా?"

ధర్మారావు తల ఊపాడు.

"బాగున్నాది. దూరానికి కూడా అగుపిత్తంది."

అంతే అంది. మర్నాటి నుంచి ఆమెకి పని లేదు, ఆయనకి రిటైర్మెంటు దగ్గరపడింది. "జీడిపిక్కలు పోయేయి, ఇంక నీ పాటల పిక్కలే నాకు గతి. తే, కుమ్మరించు" అని ఆమే కూర్చుంది. ముప్ఫై ఏళ్ళలో సగం కూడా కాని పుస్తకం నాలుగేళ్ళలో పూర్తయింది. ఆరువందల పేజీలు. మొదటి పేజీ మీద "అనువాదం: బమ్మిడి ధర్మారావు, ఎం.ఏ." అని ఆయన ఎన్ని రకాల అక్షరాలతో రాసి చూసుకున్నాడో లెక్క లేదు. రెండో పేజీలో తన మాట రాశాడు. ఆ రెండు పేజీలూ గ్రేడింగుకి పెట్టలేదు. అవి పాటలు కావు కదా!

ఆయనకి ఇక మిగిలిన కోరిక అదొక్కటే. ఆ పుస్తకం అచ్చవ్వాలి, దాని మీద తన పేరుండాలి. చైనా మాస్టారంటే నవ్వులాట కాదని ఈ వైపు నలుగురికైనా తెలియాలి. విజయవాడలో ఒకరు, హైదరాబాదులో ఇద్దరు ప్రచురణకర్తలకి రాశాడు. ఒకాయన బదులివ్వలేదు. ఇంకొకాయన "చైనా సూక్తులు, జీవితంలో పైకి రావడానికి, ఓ వంద ఉంటే పంపండి" అన్నాడు. మూడో ఆయన ఆరువందల పేజీలని విని పొలమారినట్టు దగ్గాడు.

అలాంటి సమయంలో వచ్చాడు కామేశ్.

సోంపేట కుర్రాడు. టెక్కలి కాలేజీలో ధర్మారావు దగ్గర సివిక్స్ చదువుకున్నాడు. ఇప్పుడు విశాఖపట్నంలో తెలుగు ప్రొఫెసరు, పేరు ముందు డాక్టరు. వస్తూనే వంగి కాళ్ళకి దండం పెట్టి, ఆపిల్ పళ్ళ కవరు మహాలక్ష్మికి అందించాడు.

"మాస్టారూ, మీరు బస్సులో మడత కాగితాలు పెట్టుకుని రాసుకునేవారు. మేం వెనక సీట్లోంచి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు సిగ్గేస్తోంది."

ఆ ఒక్కమాటకి ధర్మారావు కరిగి నీరైపోయాడు. ఇనప్పెట్టె తెరిచి, సాఫుగా రాసిన ప్రతిని ఒళ్ళో పెట్టుకుని చూపించాడు. కామేశ్ చాలా శ్రద్ధగా పేజీలు తిప్పాడు.

"అంచుల మీద ఇవేంటి మాస్టారూ? గు, బ, ను?"

ఇక్కడ ఊరుకోవలసింది. కాని తన పద్ధతి గురించి అడిగినవాడు నలభై ఏళ్ళలో ఇతనొక్కడే. ధర్మారావు కుర్చీ దగ్గరగా లాక్కుని మొత్తం విప్పి చెప్పాడు. ఎక్కడ పాట చెక్కుచెదరకుండా దిగిందో అక్కడ గు. ఎక్కడ సగం చైనాలోనే ఉండిపోయిందో అక్కడ బ. ఎక్కడ తన వల్ల కాలేదో అక్కడ ను.

"ఇచ్చేటప్పుడు గుర్తులు చెరిపేయకూడదా మాస్టారూ? మన లోపం మనమే చూపించుకోవడం ఎందుకు?"

"పలాసలో ఉండి గ్రేడు రాయకుండా డబ్బా ఇవ్వమంటావా?" అని గర్వంగా నవ్వాడు ధర్మారావు.

కామేశ్ కూడా నవ్వాడు. "నాకొదిలేయండి మాస్టారూ. నేను చూసుకుంటాను" అని ఆ ప్రతిని బ్యాగులో పెట్టుకున్నాడు. మొదటి చిత్తుప్రతి మాత్రం పెట్టెలో మిగిలింది. అతను వెళ్ళాక మహాలక్ష్మి ఆపిల్ పళ్ళు ఒక్కొక్కటీ తిప్పి చూసి, "పైకి గుండే" అంది.

ఏడాదిన్నర పాటు ధర్మారావు ఫోను చేసినప్పుడల్లా "ప్రెస్సులో ఉంది మాస్టారూ" అన్నాడు కామేశ్. ఆ తర్వాత ఒకరోజు ఆహ్వానపత్రం ఫోనుకే వచ్చింది. పుస్తకం పేరు "నువ్వేననుకున్నాను". ఆవిష్కరణ పలాసలోనే, ఆదివారం ఉదయం పది గంటలకి. ముఖచిత్రం మీద "చైనా ప్రాచీన గీతాలు. అనువాదం: డాక్టర్ కామేశ్" అని ఉంది. ధర్మారావు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ముద్రారాక్షసం అయ్యుంటుంది" అన్నాడు.

"ఆ రాక్ససుడు ఎవులో ఎల్లి సూద్దాం, పద" అంది మహాలక్ష్మి. ఆదివారం పొద్దున్నే చీర మార్చుకుని బయలుదేరింది.

హాల్లో ముందు వరుసలో శ్రీనివాస్ ఉన్నాడు. ఖర్చంతా ఆయనదే. పలాసలో పెద్దవాళ్ళకి పూలదండ వేస్తే లోకువ, జీడిపప్పు దండ వెయ్యాలి. ముఖ్య అతిథికి, కామేశ్‌కి తళతళలాడే గుండ్ల దండలు పడ్డాయి. "ఇప్పుడు మన గురువుగారు!" అని మైకులో పిలిచి ధర్మారావుని వేదిక ఎక్కించి, ఆయన మెడలోనూ ఒకటి వేశారు. మూడో వరుసలో కూర్చున్న మహాలక్ష్మికి అంత దూరం నుంచీ తెలిసిపోయింది, అది బద్దల దండ అని. "మా మిషను గ్రేడింగేనండి, ఒక్కటి తేడా రాదు" అని శ్రీనివాస్ పక్కాయనతో చెబుతున్నాడు.

ధర్మారావు ఒళ్ళో పుస్తకం తెరిచాడు. తొంభై ఆరు పేజీలు. ఒక పేజీ, రెండు పేజీలు, పది పేజీలు తిప్పాడు. ఎక్కడా బద్ద లేదు. నూక మొదలే లేదు. ఒక పాటలోంచి రెండు పంక్తులు, ఇంకో పాటలోంచి మూడు, అన్నీ తను "గు" అని రాసుకున్నవే, ఒకదాని పక్కన ఒకటి, డబ్బాలో పేర్చినట్టు. ముందుమాటలో చివరన ఒక వాక్యం: "తొలి ప్రతి తయారీలో సహకరించిన మా గురువుగారికి కృతజ్ఞతలు."

మైకు దగ్గర కామేశ్ కళ్ళు మూసుకుని చదువుతున్నాడు. "చిట్టుమంది… నువ్వేననుకున్నాను." హాలంతా చప్పట్లు. ముఖ్య అతిథి లేచి, "ఏం అనువాదమండీ! ఒక్క పలుకు విరగలేదు!" అన్నాడు. మూడో వరుసలో అందరూ చప్పట్లు కొడుతుంటే మహాలక్ష్మి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

తర్వాత మైకు గురువుగారికిచ్చారు. ధర్మారావు లేచాడు. ఏం చెప్పాలో ఆయనకి స్పష్టంగా తెలుసు. నాలుగు వాక్యాలు చాలు. మైకు పట్టుకోబోయేసరికి చెయ్యి తగిలి దండ దారం తెగి, బద్దలు చొక్కాలోకి జారిపోయాయి. ముందు వరుస నవ్వింది. ఆయనా నవ్వాడు, చొక్కా దులుపుకుంటూ. నవ్విన నోటితో ఆ నాలుగు వాక్యాలు చెప్పడం కుదరలేదు.

"మా కామేశ్… చిన్నప్పటి నుంచీ… తెలివైనవాడు. నాకు చాలా గర్వంగా ఉంది" అని కూర్చున్నాడు.

వేదిక దిగాక, టీలు ఇచ్చే చోట కామేశ్‌ని పక్కకి పిలిచాడు. "ఇదేంట్రా?" అన్నాడు.

కామేశ్ మొహంలో నిజంగానే ఆశ్చర్యం. "మాస్టారూ, ఆరువందల పేజీలు ఎవరు వేస్తారు చెప్పండి? పేరు లేనివాళ్ళని ఎవరు చదువుతారు? నా పేరు మీద కనక వచ్చింది. పైగా నేను కష్టపడి ఏరింది కూడా ఏమీ లేదు. మీరే విడదీసి పెట్టారు కదా!" భుజం మీద చెయ్యి వేసి ఇంకా మెల్లగా అన్నాడు: "మిగతాదంతా మీ దగ్గరే ఉంది. మీ పేరుతోనే వేసుకోండి. నేను ముందుమాట రాస్తాను."

మిగతాదంటే బద్ద, నూక.

ధర్మారావు ఇంటికొచ్చి చొక్కా విప్పితే ఇంకో నాలుగు బద్దలు నేల మీద పడ్డాయి. మహాలక్ష్మి అవి ఏరి గిన్నెలో వేసింది.

"గ్రేడు సేసీసిన సరుకుని తలుపు తెరిసి సూపిత్తే ఎవులొగ్గీసి పోతారు బావా?"

"అది కాదే!" ధర్మారావు ఒక్కసారిగా అరిచాడు. వేదిక మీద రాని గొంతు ఇప్పుడొచ్చింది. "దొంగిలిస్తే దొంగిలించాడు. 'సహకరించిన' అట! నలభై ఏళ్ళు! నేను సహకరించానట! పేరు కూడా రాయలేదు, 'మా గురువుగారు' అని ఊరుకున్నాడు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?"

మహాలక్ష్మి చేతులు తుడుచుకుని, ఇనప్పెట్టె తెరిచి, చిత్తుప్రతి తీసి, రెండో పేజీ తిప్పింది. ఆమె చదువు ఐదో తరగతి. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"ఈ… మహత్తర… కార్యంలో… నాకు సహ… కరించిన… నా శ్రీమతికి… కృత… జ్ఞతలు."

వేలు ఆ వాక్యం చివర కాసేపు ఆగింది. పేజీ వెనక్కి తిప్పి చూసింది. ఇంకేమైనా ఉందేమోనని మళ్ళీ ముందుకి తిప్పింది. ఏమీ లేదు.

"అన్నం పెట్టీమంటావా?" అంది.

ధర్మారావు ఆ కాగితం వైపే చూస్తున్నాడు. ఆ వాక్యం రాసిన రోజు ఎంత పెద్దమనసు చేసుకుని రాశాననుకున్నాడో గుర్తొచ్చింది. ఆ "మహత్తర కార్యం"లో ద్వారాలు, శబ్దాలు పోగా మిగిలినది ఎవరిదో ఆయనకి తెలియనిది కాదు. జేబులోంచి పెన్సిల్ తీశాడు. ఆ వాక్యానికి ఎదురుగా, అంచున, చిన్నగా రాశాడు: ను.

వంటింట్లోకి వెళ్ళబోతున్న మహాలక్ష్మి వెనక్కి వచ్చి, ఆయన భుజం మీదుగా వంగి చూసింది.

"నూక కాదు బావా అది. పుచ్చు" అంది.